జూలై మొక్క, ఏప్రిల్ నీళ్ళు

హైదరాబాద్ నుంచి వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టలకు రెండు దారులున్నాయి. రైలు దారి పాతది. నిజాం హయాంలో 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా వేసిన లైను అది. లింగంపల్లి, శంకర్‌పల్లి మీదుగా వికారాబాద్ జంక్షన్ చేరి, ధారూర్ దాటి తాండూరు వైపు సాగిపోతుంది. రోడ్డు దారి మొయినాబాద్, చేవెళ్ళ, మన్నెగూడ మీదుగా పోతుంది. ఇక్కడ చెప్పదలచుకున్న విషయానికి రోడ్డు దారే పనికొస్తుంది, దాని పక్కనున్న మర్రిచెట్ల వల్ల. అప్పా జంక్షన్ దాటాక మన్నెగూడ దాకా, సుమారు 46 కిలోమీటర్ల పొడవునా, 900 వరకు మర్రులు రెండు వైపుల నుంచీ కొమ్మలు కలిపి నిలబడి ఉంటాయని లెక్క. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని కొట్టాలా వద్దా అన్న గొడవ ఏళ్ళ తరబడి నడిచి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. ఆ వాదంలో ఎవరి పక్షం న్యాయమన్నది వేరే సంగతి. ఆ చెట్లను చూసినప్పుడు తట్టవలసిన ప్రశ్న ఇంకొకటుంది. ఇవి నిజాం కాలంలో నాటినవని చెబుతారు. నాటడం ఒక్క పూట పని. మొదటి రెండు మూడు ఎండాకాలాలు వీటికి నీళ్ళెవరు పోశారు, మేకలు తినకుండా ముళ్ళకంప ఎవరు కట్టారు? వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. మొక్కలు నాటినవాళ్ళ పేర్లున్న శిలాఫలకాలేమో మన జిల్లా కేంద్రాల్లో కొల్లలు. చాలాచోట్ల మొక్కే లేదు.

సేవా క్లబ్బుల మాట ఈ చెట్ల కింద నుంచి మొదలుపెట్టడానికి కారణముంది. రోటరీ అయినా లయన్స్ అయినా వాటి సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. కొత్త అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ప్రమాణం చేసే పదవీ స్వీకారోత్సవాలు ఆ రోజుల్లోనే జరుగుతాయి. అవే తొలకరి రోజులు. 1950లో కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన వనమహోత్సవం కూడా జూలై తొలివారమే. తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటే హరితహారం కార్యక్రమాన్ని 2015 జూలై 3న ఈ రోడ్డుకు దగ్గర్లోనే ఉన్న చిలుకూరులో ప్రారంభించింది. కాబట్టి కొత్త కార్యవర్గం చేతికి మొదట అందే సేవ మొక్కలు నాటడమే. ఆ తర్వాత సెప్టెంబరు 5న ఉపాధ్యాయులకు సన్మానం, చలికాలంలో దుప్పట్లు, మధ్యలో ఒక కంటి శిబిరం, ఒక రక్తదాన శిబిరం. మొక్కకు నీళ్ళు కావలసిన ఏప్రిల్, మే నెలలు వచ్చేసరికి ఆ అధ్యక్షుడి చూపు వీడ్కోలు మీద ఉంటుంది. రాబోయే అధ్యక్షుడు శిక్షణ తరగతుల్లో ఉంటాడు. మొక్క ఎండిపోవడానికి ఎవరి చెడ్డతనమూ కారణం కాదు, క్యాలెండరే కారణం. ఈ క్లబ్బుల మీద సాధారణంగా వేసే నింద ఫొటోల పిచ్చి గురించి. అసలు లోపం సంవత్సరాన్ని కొలతగా తీసుకోవడంలో ఉంది, ఆ లోపం మొదటగా బయటపడేది అతిథి వక్తను పిలిచే తీరులో అని నా వాదన.

వారానికో పక్షానికో జరిగే సమావేశాన్ని దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. వేదిక మీద బ్యానరు, బల్ల మీద ఇత్తడి గంట. గంట కొట్టి సభ ప్రారంభిస్తారు. అతిథి పరిచయం ఒకరు కాగితం చూసి చదువుతారు, ఆయన చదివిన చదువులు, చేసిన ఉద్యోగాలు, అందుకున్న బిరుదులు వరసగా. ఆయన వ్యక్తిత్వ వికాసం మీదనో, ఒత్తిడిని జయించడం మీదనో ఇరవై నిమిషాలు మాట్లాడతారు. శాలువా, జ్ఞాపిక, వందన సమర్పణ, భోజనం. ఇందులో తప్పేమీ లేదు, నలుగురూ కలిసి తినడం మంచిదే. కానీ వచ్చినాయన వెళ్ళేటప్పుడు క్లబ్బుకు ఏం అప్పగించి వెళ్ళాడు? ఏమీ లేదు. ఆయనకు సన్మానం దక్కింది, క్లబ్బుకు ఆ వారం కార్యక్రమం దక్కింది, లెక్క చెల్లు. ప్రసంగం ఒక వైపు, ప్రాజెక్టు ఇంకో వైపు. రెంటినీ కలిపే తలుపు మూసే ఉంది.

ఇది ఈ సంస్థల పుట్టుకలో ఉన్న స్వభావం కాదు. పాల్ హారిస్ 1905 ఫిబ్రవరి 23న షికాగోలో ముగ్గురు స్నేహితులతో కలిసి మొదలుపెట్టిన రోటరీ మొదట వ్యాపారస్తుల పరిచయాల బృందమే, ఒకరికొకరు బేరాలు తెచ్చుకునే బాపతు. రెండేళ్ళకు ఆ క్లబ్బు ఊరి కోసం ఎత్తుకున్న తొలి పని ఏమిటంటే, షికాగో నగరంలో జనానికి మరుగుదొడ్లు కావాలని పట్టుబట్టడం. గొప్పగా చెప్పుకునే పని కాదు, ఫొటోకు పనికొచ్చేదీ కాదు. ఊరికి కావలసింది అదే కాబట్టి చేశారు. లయన్స్ కథ ఇంకా స్పష్టం. మెల్విన్ జోన్స్ 1917లో అదే షికాగోలో విడివిడిగా ఉన్న వ్యాపార క్లబ్బులను కలిపి సంస్థ కట్టాడు. 1925 జూన్ 30న ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో జరిగిన మహాసభకు అతిథి వక్తగా హెలెన్ కెల్లర్ వచ్చింది. చూపూ వినికిడీ లేని మనిషి అక్కడ తన జీవితగాథ చెప్పి చప్పట్లు కొట్టించుకుని పోలేదు. అంధత్వం మీద పోరాటాన్ని మీరు నెత్తికెత్తుకుంటారా అని నేరుగా అడిగింది. ఆ అడగడంతోనే లయన్స్ దారి మారింది. నూరేళ్ళ తర్వాత కూడా మన పల్లెల్లో లయన్స్ అంటే కంటి ఆపరేషన్లు గుర్తుకు వస్తున్నాయంటే దాని వెనక ఒక్క అతిథి ప్రసంగం ఉంది. హెలెన్ కెల్లర్ ప్రసిద్ధురాలు గనుక అది సాధ్యమైందని అనొచ్చు. ప్రసిద్ధులు ఆ తర్వాత ఎన్ని సభలకు రాలేదు? తేడా పేరులో లేదు, ఆమె ఒక కోరికతో రావడంలో ఉంది.

మన వైపు చూసినా ఇదే కనిపిస్తుంది. ఈ ప్రాంతమంతా ఒకప్పటి హైదరాబాద్ సంస్థానం. గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు వల్ల అప్పట్లో సభ పెట్టుకోవాలంటే అనుమతి కావలసి వచ్చేది. ఆ రోజుల్లో వేదిక మీద మాట్లాడటమే ఒక పని, అందుకే ఏ ప్రసంగమూ ఊరికే పోయేది కాదు. వికారాబాద్ జిల్లాకు దూరం కాని జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది, పక్కనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళా సభ. అక్కడ ప్రసంగం తీర్మానంగా మారేది, తీర్మానం బడిగానో గ్రంథాలయంగానో మారేది. అంతకు ముందే భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథల ద్వారా దళిత వాడల్లో చైతన్యం తెచ్చాడు; ఆ కథలు విన్నవాళ్ళ పిల్లల కోసం బడులు తెరిచాడు. వినడానికీ చేయడానికీ మధ్య అక్కడ ఎడం లేదు. మన క్లబ్బులు షికాగో నుంచి నేర్చుకోవడానికి మొహమాటపడితే జోగిపేట నుంచైనా నేర్చుకోవచ్చు.

మళ్ళీ ఆ మర్రిచెట్ల దారికి వద్దాం. వికారాబాద్ ఊరికి ఆ పేరు పాయ్‌గా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా వల్ల వచ్చింది, హైదరాబాదులో ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించినాయనే. 2016 అక్టోబరు 11న ఇది జిల్లా కేంద్రమైంది. ఊరు దాటి ఘాట్ ఎక్కితే అనంతగిరి. అనంత పద్మనాభస్వామి గుడి, ముచికుంద మహర్షి గుహలో నిద్రించిన కథ, ఆయన పేరు మీద ముచికుంద నదిగా పుట్టిన మూసీ. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచేసిన మూసీ ఇక్కడ ఒక సన్నని నీటి ఊట. ఈ గుట్టల నుంచి తూర్పుకు జారిన చినుకు మూసీలోకి, పడమటి వాలున పడ్డది కాగ్నా మీదుగా భీమాలోకి. చివరికి రెండూ కృష్ణలోనే కలుస్తాయి. హైదరాబాద్ నుంచి వానాకాలంలో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చూసి పోయేది అడవిని, పొగమంచును. వాళ్ళు పెద్దగా ఆగనిది ఇక్కడి టీబీ ఆస్పత్రి దగ్గర. నిజాం కాలంలో గాలి మంచిదని ఇక్కడ శానిటోరియం పెట్టారు. మందు లేని రోజుల్లో క్షయకు వైద్యమంటే కొండగాలి, విశ్రాంతి, మంచి తిండి. రోగిని ఇంటికి దూరంగా తెచ్చి, బతుకుతాడో లేదో అని నెలల తరబడి కనిపెట్టుకుని ఉండేవారు.

ఆ పద్ధతిని మార్చిన పరిశోధన మన పక్కనే మద్రాసులో జరిగింది. 1956లో అక్కడి క్షయ చికిత్సా కేంద్రంలో రోగులను రెండు భాగాలు చేసి, కొందరిని శానిటోరియంలో ఉంచారు, కొందరికి ఇంట్లోనే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ళు ఇరుకు గదుల్లో, తక్కువ తిండితో, పనులు చేసుకుంటూ ఉన్నారు. అయినా మందు సక్రమంగా మింగినవాళ్ళు శానిటోరియం వాళ్ళతో దాదాపు సమానంగా కోలుకున్నారని 1959లో ఫలితాలు వచ్చాయి. క్షయను జయించడానికి కొండ అక్కర్లేదు, మందు మానకుండా చూసే మనిషి కావాలని అప్పటి నుంచి ప్రపంచమంతా ఒప్పుకుంది. వైద్యం గుట్ట దిగి ఇంటికి వచ్చిందంటే ఆ ఇంటి చుట్టూ ఉన్న ఊరి మీద కొంత బాధ్యత పడ్డట్టే. సేవా క్లబ్బు పని సరిగ్గా ఇక్కడ మొదలవ్వాలి.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. మద్రాసు పరిశోధన ప్రకారం తిండి తక్కువైనా మందు పనిచేసింది కదా, మరి ఇప్పుడు క్లబ్బులు రోగులకు పప్పూ ఉప్పూ పంచడం దేనికి? దీనికి జవాబు 2023లో వచ్చింది. జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అనే పరిశోధనలో క్షయ రోగుల ఇంట్లోవాళ్ళకు నెలనెలా బియ్యం, కందిపప్పు, సూక్ష్మపోషకాలు ఇచ్చారు. మనిషికి రోజుకు 750 కేలరీలు, 23 గ్రాముల మాంసకృత్తులు అందేలా. ఆ ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది, ఇతరులకు అంటుకునే రకం దాదాపు సగానికి పడిపోయింది. రోగి కోలుకోవడానికి మందు ప్రధానమైతే, ఇంట్లోవాళ్ళకు రాకుండా ఆపడానికి తిండి ప్రధానం. రెండు పరిశోధనలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. 2022 సెప్టెంబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నిక్షయ్ మిత్ర పేరుతో సంస్థలనూ వ్యక్తులనూ రోగులను దత్తత తీసుకొమ్మని అడుగుతోంది. కనీసం ఆరు నెలలు ఆహార సంచి ఇవ్వాలి. పెద్దవాళ్ళ సంచిలో నెలకు కిలోన్నర పప్పు ఉండాలి. ఆ పప్పు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఈ జిల్లాదే. నల్లరేగడిలో పండే కంది, ఇక్కడి మిల్లుల్లో పప్పు, ఇక్కడి రోగి ఇంట్లో అన్నం. క్లబ్బులో ఒక పప్పుమిల్లు యజమాని, ఒక డాక్టరు, ఒక లెక్కలు చూసే ఆడిటరు ఉంటే చాలు, ఈ పని నడుస్తుంది. ఇంకో మాట. మామూలు క్షయకు చికిత్స కూడా ఆరు నెలలే. అధ్యక్షుడి ఏడాదిలో అది ఇమిడిపోతుంది. అన్ని పనులకూ క్యాలెండరు శత్రువు కాదని ఒప్పుకోవలసిందే.

కానీ అలా ఇమడని పనులు తాండూరులో ఉన్నాయి. ఈ ఊరు రాయి మీద బతుకుతుంది. దక్షిణాదిన పాత ఇళ్ళ గచ్చుల్లో, స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద పరిచిన నీలి, పసుపు నాపరాళ్ళలో తాండూరు బండలకు పెద్ద వాటా ఉంది. గనిలో పొరలు పొరలుగా లేచే ఈ రాయిని లారీల్లో తెచ్చి పాలిషింగ్ యూనిట్లలో కోసి, అంచులు చెక్కి, నునుపు చేస్తారు. నీళ్ళు పోస్తూ కోస్తే పొడి బురదగా కాలువలోకి పోతుంది. నీళ్ళు ఆపితే గాల్లోకి లేస్తుంది. ఎండిన బురద మీద నుంచి లారీ పోయినా లేస్తుంది. రోడ్డు పక్క వేపాకుల మీద పట్టిన తెల్లటి పూతను వేలితో గీస్తే గీత పడుతుంది. సిమెంటు ఫ్యాక్టరీలు కూడా చుట్టుపక్కలే. రాయిలో సిలికా ఎంతుందన్నది గనిని బట్టి మారుతుంది, కానీ సిలికా దుమ్ము పీల్చేవాళ్ళకు క్షయ ముప్పు ఎక్కువన్నది వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చిన మాట. అనంతగిరి ఆస్పత్రికీ తాండూరు దుమ్ముకూ మధ్య ఉన్న దూరం నలభై కిలోమీటర్ల లోపే. ఈ రెండింటినీ ఒక వేదిక మీద కలిపి మాట్లాడగల అతిథి ఎవరు? ఊపిరితిత్తుల డాక్టరు ఒకరు. ఇరవై ఏళ్ళుగా బండ కోస్తున్న కార్మికుడు ఇంకొకరు. ఆయనకు పరిచయ కాగితం రాయడం కష్టం కావచ్చు, కానీ ఆ హాల్లో అందరికంటే ఎక్కువ విషయం తెలిసినవాడు ఆయనే.

ఇది చిక్కు తెచ్చే ఆహ్వానం. ఏ పారిశ్రామిక పట్టణంలోనైనా సేవా క్లబ్బుల్లో ఉండేది వ్యాపారులు, మిల్లుల యజమానులు, గుత్తేదారులు, వకీళ్ళు, డాక్టర్లు. రాళ్ళ ఊళ్ళో అయితే ఆ వరసలో రాళ్ళ యజమానులూ ఉంటారు. దుమ్ము లేపేవాళ్ళే మాస్కులు పంచితే అదేం సేవ అని విమర్శకులు అంటారు. ఆ విమర్శను నేను కొట్టిపారేయను. కాకపోతే దాన్నుంచి తీయవలసిన ముగింపు వేరు. రోటరీ మొదటి నుంచీ ఒక్కో వృత్తి నుంచి సభ్యులను తీసుకోవాలన్న నియమం పెట్టుకుంది. ఎవరి వృత్తిలో వాళ్ళు నిజాయితీగా మెలగడం కూడా సేవలో భాగమని రాసుకుంది. అంటే యజమాని సభ్యుడై ఉండటం క్లబ్బుకు మచ్చ కాదు, అవకాశం. బయటి ఉద్యమం పదేళ్ళు ధర్నా చేసినా పెట్టించలేని నీటి తుంపర పైపును, యజమాని తన షెడ్డులో ఒక్కరోజులో పెట్టించగలడు. అతని తోటి యజమానులు చూసి పెట్టుకుంటారు. దుప్పట్ల కంటే ఇది చవక. కానీ దుప్పటి ఇచ్చేటప్పుడు ఇచ్చేవాడు పైన, తీసుకునేవాడు కింద. పైపు పెట్టేటప్పుడు ఆ ఎత్తు పోతుంది. క్లబ్బులు ఈ పనికి జంకడానికి ఖర్చు కంటే ఇదే పెద్ద కారణమని నా అనుమానం.

ఇవన్నీ ప్రభుత్వం చేయాలి, క్లబ్బులు చేస్తే ప్రభుత్వం తప్పించుకుంటుంది అనే వాదం కూడా ఉంది. మందులు, డాక్టరు, కాలుష్య నియంత్రణ తనిఖీ ప్రభుత్వమే చేయాలి, అందులో రెండో మాట లేదు. క్లబ్బు వాటి స్థానంలోకి పోకూడదు. కానీ ప్రభుత్వ పనికీ ఇంటి గడపకూ మధ్య మిగిలే ఖాళీ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని నింపడం ఎలాగో పోలియో చూపించింది. రోటరీ 1985లో పోలియో ప్లస్ మొదలుపెట్టింది. మన దేశంలో పల్స్ పోలియో 1995లో వచ్చింది. చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న దేశానికి పోలియో రహిత గుర్తింపు వచ్చింది. టీకా వేసింది సర్కారు సిబ్బంది, బూత్‌ల దగ్గర నిలబడి తల్లులను పిలిచిన చేతుల్లో క్లబ్బు సభ్యులవీ ఉన్నాయి. అంత పెద్ద పని ప్రపంచ సంస్థ చేస్తుంది గానీ చిన్న ఊరి క్లబ్బు వల్ల ఏమవుతుందంటారేమో. పోలియో పని అంతా చిన్న ఊళ్ళ బూత్‌లలోనే జరిగింది. ఆ ఒక్క పనిలో మాత్రం క్లబ్బులు జూన్ 30ని లెక్కచేయలేదు. 1985 నుంచి 2014 దాకా ముప్పై మందికి దగ్గరగా ప్రపంచ అధ్యక్షులు మారి ఉంటారు, పని మారలేదు. ఏడాదికో మనిషి కుర్చీ ఎక్కడం మంచి ఆచారమే, ఏ ఒక్కరూ క్లబ్బును సొంత ఆస్తి చేసుకోకుండా కాపాడుతుంది. కుర్చీతో పాటు పనినీ దింపేయడం దగ్గరే చిక్కు.

మరీ ఇంత గంభీరంగా ఉంటే సభ్యులు రారు, నవ్వించే వక్త, సినిమా నటుడు, పెద్ద అధికారి ఉంటేనే హాలు నిండుతుందని కార్యదర్శులు వాపోతారు. నిజమే, నిండుతుంది. నటుడినే పిలవండి, ఒక షరతు మీద: మైకు పట్టుకునే ముందు ఒక టీబీ పర్యవేక్షకుడితోనో ఆశా కార్యకర్తతోనో గంటసేపు ఊరు తిరగాలి, సభలో క్లబ్బును ఏదో ఒకటి అడగాలి. ఆ అడిగిన దాన్ని కార్యదర్శి మినిట్స్‌లో రాయాలి. ఆ మాట ఏమైందో చెప్పడానికి ఆ ఏడాది జూన్‌లో, కుదిరితే వచ్చే ఏడాది జూన్‌లో కూడా, అదే మనిషిని మళ్ళీ పిలవాలి. రెండోసారి వచ్చినప్పుడు శాలువా అక్కర్లేదు.

అనంతగిరి మీద ఇప్పుడే మొదలుపెట్టగల పని ఒకటుంది. వానాకాలం ఆదివారాల్లో గుట్ట మీదికి వచ్చే జనానికి, ముఖ్యంగా ఆడవాళ్ళకు, శుభ్రమైన మరుగుదొడ్లు కావాలి. షికాగో క్లబ్బు 1907లో ఎత్తుకున్న పనే. కట్టడానికి దాతలు దొరుకుతారు, పేరు చెక్కించుకోవడానికి నాపరాయి తాండూరు నుంచి వస్తుంది, రిబ్బను కత్తిరించడానికి ఎవరో ఒకరు వస్తారు. కట్టిన తర్వాత రోజూ కడిగే మనిషికి నెల జీతం, పైన ట్యాంకులో నీళ్ళు, మోటారుకు కరెంటు బిల్లు, పగిలిన కుళాయికి కొత్త కుళాయి. కట్టే ఖర్చు లెక్కతో పాటే అయిదేళ్ళ జీతం బ్యాంకులో డిపాజిట్ చేస్తామని ఏ క్లబ్బయినా ముందే తీర్మానం చేస్తే, ఆ తీర్మానం ప్రతిపాదించే సభకు అతిథి వక్తగా ఆ కడిగే మనిషిని పిలవాలి. ఎన్ని బకెట్ల నీళ్ళు కావాలో, ఏ వేళ జనం ఎక్కువో, నెలకు ఎంతైతే ఆ పనికి మనిషి నిలుస్తాడో ఆ సభలో తెలిసి చెప్పగలిగేది ఆ ఒక్కరే.